పిలిచిన పలుకని పసివాడు

(సాలూరు ప్రాంతపు గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సంచికకై సిద్ధపరచిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున దాతలను, పెద్దలను, పుస్తకములను స్మరించుట న్యాయము. ఈ ప్రసంగము మాత్రము పుస్తకము పట్టు వయస్సు ఇంకను రాని వారిని గూర్చినది. ఒక ఇంట రెండేండ్ల పిల్లవాడున్నాడనుకొనుడు. వాడు మాటాడడు. పేరు పెట్టి పిలిచినను తిరిగి చూడడు. ఒకరు చెవుడందురు, ఒకరు మొండితనమందురు, మరియొకరు దృష్టి తగిలినదందురు. "వాని తండ్రికిని నాలుగేండ్లకే మాటలు వచ్చినవి, తొందరయేల?" అని నాయనమ్మ ధైర్యము చెప్పును. ఈ మాటలన్నియు ప్రేమతో పలికినవే. కాని వాని నడుమ ఒక సంవత్సరము, రెండు సంవత్సరములు గడచిపోవును. బిడ్డ మెదడు మిక్కిలి వేగముగా పెరుగు కాలము అదియే. పోయిన ధనమును మరల సంపాదింపవచ్చును గాని ఆ కాలమును మరల తెచ్చుకొనుట కష్టము.

మాట నాలుకపై పుట్టునని లోకులు తలంతురు. నిజమునకు మాటకు ముందు చూపు, చూపు వెంట నవ్వు, నవ్వు వెంట చేసైగ పుట్టును. ఆరు నెలల బిడ్డ తల్లి మొగము చూచి నవ్వును. తొమ్మిదవ నెలకు తన పేరు విని తల త్రిప్పును. ఏడాది నిండుసరికి 'తాతా', 'బాబా' వంటి ధ్వనులు చేయుచు, చేయి ఊపి వీడ్కోలు చెప్పును. ఏడాదిన్నర లోపల వింతయైన దానిని వ్రేలితో చూపి, తల్లియు దానిని చూచినదో లేదో యని మరల ఆమె మొగము చూచును. పదునారు నెలలకు ఒంటి మాటలు, రెండేండ్లకు 'అమ్మా పాలు' వంటి జంట మాటలు వచ్చును. చందమామను చూపి అన్నము పెట్టు తల్లి ఈ విద్యనే నేర్పుచున్నది. ఇద్దరు కలిసి ఒకే వస్తువును చూచి ఆనందించుటయే సమస్త సంభాషణకును పునాది.

ఆటిజము అను స్థితిలో ఈ పునాది వేరు విధముగా పడును. అట్టి బిడ్డ కన్నులలోనికి చూచుట తక్కువ. కావలసిన దానిని వ్రేలితో చూపక, తల్లి చేయి పట్టుకొని దానిపై పెట్టును. లారీ బాడీలు కట్టు సాలూరులో చెక్క లారీ బొమ్మతో ఆడని పిల్లవాడు అరుదు. తక్కిన పిల్లలు దానిని నేలపై తోలుచు హారను మ్రోగింతురు. ఈ బిడ్డ దానిని తలక్రిందులుగా పట్టి, ఒక చక్రమును గంటసేపు త్రిప్పుచు కూర్చుండవచ్చును. కుక్కరు కూతకు, గ్రామదేవత పండుగలోని డప్పుల మోతకు చెవులు మూసికొని విలపింపవచ్చును. విన్న మాటనే మరల మరల అనుట, దినచర్యలో చిన్న మార్పు వచ్చినను తల్లడిల్లుట కొందరిలో కనబడును. రాయపూరు దారిని లారీ తోలి పది దినములకు ఇల్లు చేరిన తండ్రికి బిడ్డ ఎదురు రాకపోవచ్చును. అది ప్రేమలేమి కాదు. ఆ బిడ్డ ప్రేమను చూపు దారి వేరు.

ఈ లక్షణములలో ఒకటి కనబడినంత మాత్రమున ఆటిజమని నిశ్చయింపరాదు. అయినను రెండు సందర్భములలో వేచియుండుట తగదు. ఏడాదిన్నరకు వ్రేలు చూపుటయు, పేరునకు పలుకుటయు లేనప్పుడు ఒకటి. వచ్చిన మాటలు, నవ్వులు ఏ వయస్సున నైనను పోయినప్పుడు రెండవది. ఈ రెండింటిలో ఏది సంభవించినను మరునాడే వైద్యుని చూడవలెను.

ఈ స్థితిని శాస్త్రలోకము గుర్తించి ఎనుబదేండ్లు దాటినది. 1943లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లలను గూర్చి వ్రాసెను. మరుసటి యేట వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ ఇట్టి బాలురనే వర్ణించెను. పిదప కొన్ని దశాబ్దముల పాటు ఒక ఘోరమైన అపోహ ప్రబలినది. తల్లి మనస్సు చల్లబడుటచే బిడ్డ ఇట్లగునని కొందరు పండితులు ప్రచారము చేసిరి. ఎందరో తల్లులు చేయని పాపమునకు కన్నీరు కార్చిరి. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ ఈ వాదమును ఖండించెను. 1977లో సూసన్ ఫోల్స్టీన్, మైకేల్ రట్టర్ కవల పిల్లలను పరిశీలించి, ఈ స్థితి ప్రధానముగా పుట్టుకతో వచ్చినదని చూపిరి. కనుక సాలూరులో నైనను, పాచిపెంటలో నైనను, మక్కువలో నైనను కోడలిని నిందించుటకు శాస్త్రములో ఆధారము లేదు.

టీకాల వలన వచ్చునను మాటయు అట్టిదే. 1998లో లండనులో పన్నెండుగురు పిల్లలను గూర్చి వెలువడిన ఒక వ్యాసము ఈ భయమును పుట్టించినది. ఆ వ్యాసమును ప్రకటించిన పత్రికయే 2010లో దానిని రద్దు చేసినది. డెన్మార్కు దేశమున ఐదు లక్షలకు పైబడిన పిల్లలను పరిశీలించి 2002లో ప్రకటించిన ఫలితములలో టీకాకును ఆటిజమునకును సంబంధము కనబడలేదు. టీకా మానిన బిడ్డకు తట్టు వచ్చు అపాయము మాత్రము నిజము.

ఇక పరీక్ష యెట్లు జరుగును? ముందుగా తెలియవలసినది, ఆటిజమును తేల్చు రక్తపరీక్ష గాని, తలకు తీయు స్కానింగు గాని లేదు. "ఫొటో తీయించిన తెలియును" అని ఎవరైన ధనము కోరినచో సందేహింపవలెను. ఆటను, చూపును, సైగను ఓపికతో గమనించుటయే పరీక్ష. అనుభవజ్ఞులైన వైద్యులు రెండేండ్ల ప్రాయముననే నిర్ణయింపగలరు.

మొదటి మెట్టు ఇంటి ముంగిటనే కలదు. అంగన్వాడీ కార్యకర్తకు, ఆశా కార్యకర్తకు తల్లి తన అనుమానమును చెప్పవలెను. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్య బృందములు అంగన్వాడీ పిల్లలను ఏటేట రెండు సార్లు చూడవలెనని నియమము. ఆ బృందములు వెదుకు ముప్పది స్థితులలో ఆటిజమును ఒకటి. పదునారు మొదలు ముప్పది నెలల పిల్లలకై ఎమ్-చాట్ అను ఇరువది ప్రశ్నల పత్రము కలదు. అది జల్లెడ వంటిది. జల్లెడలో నిలిచిన ప్రతి గింజయు రాయి కాదు. అందులో అనుమానము తోచిన బిడ్డలందరికి ఆటిజము ఉండదు.

రెండవ మెట్టు వినికిడి పరీక్ష. పిలిచిన పలుకని బిడ్డకు చెవి వినబడుచున్నదో లేదో తేలనిదే తక్కినది తేలదు. గిన్నె చప్పుడుకు తిరిగి చూచెనని ఇంటిలో నిర్ణయించుకొనరాదు. కొన్ని ధ్వనులు విని కొన్ని వినని చెవిటితనము కలదు. బిడ్డ నిద్రించుచుండగా యంత్రముతో చేయు బెరా పరీక్ష బాధలేనిది.

మూడవ మెట్టు జిల్లా స్థాయిలోని సత్వర చికిత్సా కేంద్రము. అచట పిల్లల వైద్యుడు, మనోవిజ్ఞాన నిపుణుడు, మాట నేర్పువారు కలిసి చూచుట ఉద్దేశము. సాలూరు 1979 వరకు శ్రీకాకుళము జిల్లాలోను, పిదప విజయనగరము జిల్లాలోను ఉండి, 2022 ఏప్రిల్ 4 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది. కనుక ఏ కేంద్రమునకు పోవలెనో స్థానిక ప్రభుత్వాసుపత్రిలో అడిగి, చీటి వ్రాయించుకొని పోవుట మేలు. అంతకు మించిన పరీక్ష అవసరమైనచో విశాఖపట్నములో పెద్ద ఆసుపత్రులు కలవు.

పోవునప్పుడు తల్లీబిడ్డల రక్షణ కార్డు తీసికొని పోవలెను. ప్రసవము ఎట్లు జరిగినదో, బిడ్డ పుట్టగానే ఏడ్చెనో లేదో, మూర్ఛలు వచ్చినవో లేవో, ఏ నెలలో ఏమి చేసెనో ఒక కాగితముపై వ్రాసికొనవలెను. బిడ్డ ఇంటిలో ఆడుకొనునప్పుడు సెల్‌ఫోనులో చిత్రము తీసి చూపిన మరియు మంచిది. కొత్త గదిలో, కొత్త మొగముల నడుమ బిడ్డ సహజముగా ఉండడు. వైద్యుడు నేలపై కూర్చుండి బంతి దొర్లించుట, బొమ్మకు అన్నము పెట్టించుట వంటి ఆటలు ఆడుచున్నచో కాలము వృథాయైనదని విసుగుకొనరాదు. ఆ ఆటయే పరీక్ష.

సికింద్రాబాదులో 1984లో వెలసిన జాతీయ సంస్థ ఈ దేశపు పిల్లలకై ఒక కొలమానమును రూపొందించినది. అందు నలువది అంశములు కలవు. సాంఘిక సంబంధము, భావోద్వేగము, భాష, ప్రవర్తన, ఇంద్రియ జ్ఞానము, బుద్ధి అను ఆరు విభాగములుగా అవి ఏర్పడినవి. ఒక్కొక్క అంశమునకు ఒకటి మొదలు ఐదు వరకు అంకెలు వేయుదురు. మొత్తము 70కి లోబడినచో ఆటిజము లేదనియు, 70 నుండి 106 వరకు స్వల్పమనియు, 107 నుండి 153 వరకు మధ్యమమనియు, 153కు మించినచో తీవ్రమనియు లెక్క. ఈ అంకె బిడ్డ విలువను కొలుచునది కాదు. బిడ్డకు ఎంత సాయము కావలెనో తెలుపునది.

ఈ ప్రాంతమునకు ప్రత్యేకమైన విషయమొకటి కలదు. సాలూరు చుట్టు కొండలలో కువి మాటాడు ఇండ్లు కలవు, కొండదొరల ఇండ్లు కలవు, సరిహద్దున ఒడియా మాటాడు ఇండ్లును కలవు. "రెండు భాషలు వినుటచే బిడ్డకు మాటలు రాలేదు" అను ఊహ సరికాదు. రెండు భాషల నడుమ పెరుగుట ఆటిజమును కలిగింపదు. అయితే కువి మాత్రమే ఎరిగిన బిడ్డను తెలుగులో పిలిచి, పలుకలేదని వ్రాసికొనుట అన్యాయము. ఇంటి భాష ఎరిగినవారు ఒకరు పరీక్ష వేళ ప్రక్కనుండవలెనని తల్లిదండ్రులు నిస్సంకోచముగా అడుగవచ్చును.

పరీక్ష ముగిసి 'ఆటిజము' అను మాట వినబడిన దినమున ఇంటిలో దీపము ఆరినట్లుండును. అప్పుడు స్మరింపదగినది ఒక చిన్న పట్టణపు కథ. మిసిసిపీ రాష్ట్రములోని ఫారెస్టు అను ఊరిలో 1933లో జన్మించిన డోనాల్డ్ ట్రిప్లెట్, కానర్ వైద్యుడు వర్ణించిన పిల్లలలో మొదటివాడు. నాలుగేండ్లు నిండకమునుపే వానిని దూరపు శరణాలయములో ఉంచిరి. ఏడాది గడచిన పిమ్మట తల్లిదండ్రులు ఇంటికి తెచ్చుకొనిరి. తండ్రి బిడ్డను గూర్చి ముప్పది మూడు పుటల లేఖ వ్రాసి వైద్యునకు పంపెను. ఊరివారు వానిని తమవానిగా చూచిరి. వాడు 1958లో కళాశాల చదువు ముగించి, బ్యాంకులో ఉద్యోగము చేసి, కారు నడుపుచు, దేశదేశములు తిరిగి, 2023లో ఎనుబది తొమ్మిదవ యేట కన్నుమూసెను. వాని కుటుంబము కలిగినది. అందరికి అట్టి జీవితము లభింపదు. కొందరు బిడ్డలకు జన్మాంతము తోడు కావలెను. అయినను ఊరు తన బిడ్డను దాచక తనలో కలుపుకొన్నచో ఎంత జరుగునో ఆ కథ తెలుపుచున్నది.

ఆటిజమును మాన్పు మందు లేదు. మూర్ఛలకు, నిద్రలేమికి మందులుండవచ్చును గాని మూలమునకు లేదు. మాన్పెదమని చెప్పి పుస్తెలు అమ్మించువారు తారసిల్లుదురు. వారికి ఇచ్చు ధనముతో ఏడాది పాటు మాట నేర్పు చికిత్సకు రాకపోకల ఖర్చు గడచును. మేలు చేయునది శిక్షణ. అందు తల్లిదండ్రులే ముఖ్య గురువులు. స్నానము వేళ, భోజనము వేళ, బిడ్డ చూచుదానినే తామును చూచి, చిన్న మాటలలో చెప్పుచు, వాని వంతు వచ్చువరకు ఆగుట నిపుణులు నేర్పుదురు. బడి యీడు పిల్లలకు మండలములలో భవిత కేంద్రములు కలవు.

చట్టమును అండగా నిలిచినది. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టము ఆటిజమును పేర్కొన్నది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క వైకల్యములలో దానిని చేర్చినది. నలువది శాతమునకు తగ్గని వైకల్యము ధ్రువపడినచో ప్రభుత్వపు సదుపాయములకు దారి ఏర్పడును. ధ్రువపత్రము తీసికొన్న పిల్లకు పెండ్లి కాదు, పిల్లవానికి పేరు చెడునని కొందరు వెనుదీయుదురు. పత్రము తీసికొనకున్నను బిడ్డ అట్లే యుండును. సాయము మాత్రము రాకపోవును.

1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువపై పడవలో గ్రంథాలయమును నడిపి, చదువరుల ముంగిటికే పుస్తకములను కొనిపోయిరి. జ్ఞానము తలుపు తట్టి రావలెనను ఆ ధర్మము నేడును మారలేదు. ఏ నెలలో బిడ్డ ఏమి చేయవలెనో పెద్ద అక్షరములతో వ్రాయించి గ్రంథాలయపు గోడపై వ్రేలాడదీయుటకు వ్యయము స్వల్పము. చదువురాని తల్లికి వారమునకొక మారు దానిని చదివి వినిపించుటకు వ్యయమే లేదు. పఠన మందిరములో ఒక మూల చాప పరచి, మాటాడని బిడ్డకును బొమ్మల పుస్తకము చేతికిచ్చి, వాడు పుటలు త్రిప్పు చప్పుడును, వాని వింత కూతను ఓర్చుకొన్నచో ఆ గ్రంథాలయము ధన్యమగును.

అనుమానము కలిగిన తల్లిదండ్రులు రేపటి బస్సునకు బయలుదేరుదురు గాక. పరీక్షలో ఏమియు లేదని తేలినచో ఒక దినపు కూలి మాత్రమే పోవును. ఉన్నదని తేలినచో బిడ్డకు ఒక సంవత్సరము మిగులును.