ముందు వచ్చిన చెవులు, వెనుక వచ్చిన కొమ్ములు

(మాయాబందరునందు కేంద్రప్రభుత్వోద్యోగుల తెలుగు సాంస్కృతిక సంఘ సమావేశమున చదువబడిన ప్రసంగపాఠము)



"ముందు వచ్చిన చెవులకన్న వెనుక వచ్చిన కొమ్ములు వాడి" యని తెలుగునాట ఒక సామెత కలదు. ఈ మాటను పెద్దలు కొంత నిష్ఠురముతో ననుచుందురు. చిన్నవారు కొంత గర్వముతో వినుచుందురు. ఈ రెండు భావముల నడుమ న్యాయ మెచ్చట నున్నదో విచారించుటయే ఈ ప్రసంగమున కుద్దేశము. విచారణకు ఎన్నుకొన్న రంగము మాత్రము క్రొత్తది. ఇంటర్నెట్టు ద్వారా వేలకొలది జనులు ఏకకాలమున నాడుకొను పాత్రధారణ క్రీడలే ఆ రంగము. పిల్లల యాటలకు ఇంత విచారణ యేల యని కొందఱికి తోచవచ్చును. కాని ఆ యాటలలో నడుచుచున్న వాదమే ఆఫీసులలో జ్యేష్ఠతను గూర్చి నడుచుచున్నది. ఈ ద్వీపములలో "మీ రెప్పుడు వచ్చితిరి?" అను ప్రశ్న వెనుక నున్నదియు ఆ వాదమే.

మాయాబందరు వాసుల కా ప్రశ్న చిరపరిచితము. 1925లో బర్మానుండి వచ్చిన కరెనులు వేబీ గ్రామమున స్థిరపడిరి. దేశవిభజనానంతరము తూర్పు బెంగాలునుండి కాందిశీకులు వచ్చి ప్రభుత్వమిచ్చిన భూములను సాగుచేసికొనిరి. రాంచీ ప్రాంతపు శ్రామికులు అడవి పనులకు వచ్చిరి. శ్రీకాకుళ, విశాఖపట్టణ తీరములనుండి తెలుగు జాలరులు వచ్చిరి. బదిలీ యుత్తరువులు చేతబట్టుకొని ఉద్యోగులు నేటికిని వచ్చుచునే యున్నారు. వీరందఱికన్న వేల యేండ్ల ముందే గ్రేట్ అండమానీయులు ఈ ప్రాంతపు టడవులలో నుండిరి. ముందు వచ్చినవారిదే సర్వమును అను వాదము నిలుచునెడల, వారు తప్ప తక్కినవా రెవ్వరును ఇచ్చట నోరు మెదపుటకు వీలుండదు. వెనుక వచ్చినవారిదే సర్వమును అను వాదమువలన ఆ జాతి యెంత క్షీణించినదో చరిత్ర చెప్పుచున్నది. కాబట్టి ఈ రెండు వాదములును చాలవు. మూడవదాని నన్వేషింపవలసియున్నది.

ఇక ఆటలలోనికి పోదము. అష్టాచెమ్మలోగాని వైకుంఠపాళిలోగాని ఈ చిక్కు లేదు. పెద్దపాము నోటబడి క్రిందికి జారినవాడును మఱుసటి యాటలో అందఱితోపాటు మొదటి గడినుండియే బయలుదేరును. ఆట ముగియుటయే అచ్చటి న్యాయము. పాత్రధారణ క్రీడలలో ఆట ముగియదు. ఆటగాడు నిద్రించినను ఆ లోకము నడుచుచునే యుండును. అతని పాత్ర తాను సంపాదించిన స్థాయిని, ఆయుధములను, కవచమును, ధనమును నిలుపుకొనును. పదేండ్లుగ పెరిగిన పాత్రయు నేటి యుదయమున పుట్టిన పాత్రయు ఒకే బాటపై ఎదురుపడును.

ఈ క్రీడలకు మూలపురుషు డనదగినది, ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయమున 1978లో రాయ్ ట్రబ్‌షా ఆరంభింపగా రిచర్డ్ బార్టిల్ కొనసాగించిన మడ్ అను క్రీడ. అందు బొమ్మలు లేవు, అక్షరములే. పాయింట్లు కూడబెట్టి పైమెట్టు నందుకొనిన యాటగానికి విజర్డు అను పదవి లభించి, తక్కినవారిపై ప్రత్యేకాధికారములు సంక్రమించెడివి. అనగా ముందు వచ్చి ఎక్కువ కాలము శ్రమించినవాడు పాలకుడయ్యెను. పాత క్రొత్తల వ్యాజ్యము ఈ జాతి క్రీడలతోడనే పుట్టినదన్నమాట.

ఈ దీవుల పిల్లలు ఆ లోకములకు ఆలస్యముగ చేరినవారు. ఆ యాలస్యము వారి దోషము కాదు. 2020 ఆగస్టు 10వ తేదీన చెన్నై నుండి నాటి పోర్టుబ్లెయిరునకు, అనగా నేటి శ్రీ విజయపురమునకు, సముద్రగర్భపు కేబులు ప్రారంభమగువఱకు ఇచ్చటి ఇంటర్నెట్టునకు ఉపగ్రహమే ఆధారము. సుమారు 2,300 కిలోమీటర్ల ఆ కేబులు ఇతర దీవులకును, మధ్య అండమానులోని రంగతునకును చేరినది. ఉపగ్రహమునకు పోయి వచ్చు సంకేతము సహజముగ ఆలస్యమగును. చెన్నై బాలుడు కత్తి దూసిన పిమ్మటగాని మాయాబందరు బాలునికి శత్రువు కనబడినట్లుండదు. అట్టి స్థితిలో సంవత్సరముల తరబడి వెనుకబడిన పిల్లవాడు నేడు ప్రవేశించునప్పుడు, "నీవు ముందే రావలసినది" యనుట న్యాయమగునా?

క్రొత్తవారి బాధ మొట్టమొదట పెద్దయెత్తున బయటపడినది 1997లో వెలువడిన అల్టిమా ఆన్‌లైన్ అను క్రీడలో. అచ్చట రెండు కష్టములు కలిగెను. మొదటిది, బలిసిన పాత్రలు బాటలపై పొంచియుండి క్రొత్త పాత్రలను చంపి, వారి స్వల్పధనమును దోచుకొనుట. రెండవది భూమి. ఇండ్లు కట్టుకొనుటకు వీలైన చోటులను ముందు వచ్చినవా రాక్రమింపగా, వెనుక వచ్చినవానికి గుడిసెకు సైతము జాగా దొరకుట దుర్లభమయ్యెను. నడిపెడి సంస్థ 2000లో ఆ లోకమునకు ప్రతిబింబమువంటి రెండవ లోకమును సృష్టించెను. అందు ఇష్టములేనివానిపై దాడిచేయుటకు వీలు లేదు. ఖాళీ భూమియు లభించెను. ఆటగాండ్రలో అధికసంఖ్యాకు లచ్చటికే తరలిరి. పాతలోకమున మిగిలిన దొంగలకు దోచుకొనుటకు బాటసారులు కఱవైరి. క్రొత్తవారిని పీడించినయెడల పాతవారి లోకమే పాడగునను సత్య మీవిధముగ వెల్లడియైనది.

అట్లని పాతవారి కన్యాయము జరుగుట లేదని తలంపరాదు. 2004 నవంబరులో వెలువడిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అను క్రీడలో పరమావధి 60వ స్థాయి. నలువదిమంది జట్టుగ కూడి, నెలల తరబడి రాత్రులు మేల్కొని, భయంకర శత్రువులను జయించి, ఊదారంగు పేర్లుగల అపూర్వ కవచములను సంపాదించిరి. 2007 జనవరిలో పరమావధి 70కి పెరిగినది. క్రొత్త భూభాగమున తొలి పనులకు బహుమానముగ వచ్చు సామాన్యమైన ఆకుపచ్చ వస్తువులే ఆ ఊదా కవచములలో పెక్కింటిని మించిపోయినవి. నెలల శ్రమ ఒక సాయంకాలమున పెట్టె యడుగు చేరెను. ఆ తరువాత 80, 85, 90 అని మెట్లు పెరిగినకొలది క్రిందనున్న క్రొత్తవానికి దారి దీర్ఘమయ్యెను. అప్పుడు 2014లో ఆ సంస్థ ఒక పాత్రను నేరుగ 90వ స్థాయికి చేర్చు హక్కును 60 డాలర్లకు విక్రయింప నారంభించెను. చివరకు 2020లో మెట్లనే కుదించి, 120వ స్థాయివారిని 50కి దింపి, క్రొత్త పరమావధిని 60గా నిర్ణయించెను.

ఈ కథ ప్రభుత్వోద్యోగులకు వింతగ తోచదు. వేతనసంఘపు సిఫార్సులు అమలైనపుడు, వేర్వేరు మెట్లపై నున్న సీనియరును జూనియరును ఒకే మెట్టుపై వచ్చి నిలుచుట కలదు. దానినే బంచింగు అందురు. ఏడవ వేతనసంఘము పిమ్మట కొన్ని నిబంధనలకు లోబడి అట్టివారికి అదనపు ఇంక్రిమెంటు నీయ నంగీకరించిరి. అందఱిని పైకెత్తుట మంచిదే. కాని అంతకుముందు ఎక్కిన మెట్లను లెక్కలోనుండి తుడిచివేయరాదు. ఆ పరిహారములోని ధర్మమిదియే. ఆటలోకమున ఊదా కవచము పోగొట్టుకొన్నవానికి అట్టి పరిహారము దొరకలేదు. 2019 ఆగస్టులో ఆ సంస్థయే పాతలోకమును యథాతథముగ మరల తెఱచినప్పుడు, పాతవారును క్రొత్తవారును అందఱు మొదటి మెట్టుపై నిలిచి బయలుదేరిరి. ఆ లోకమునకు లభించిన యాదరణను చూచినయెడల, ఆటగాండ్రు కోరినది సులభమార్గము మాత్రమే కాదని తెలియును. తమ శ్రమకు విలువ నిలుచు చోటును గూడ వారు కోరిరి.

పాత క్రొత్తలను జోడించి నడపుటకు మఱి రెండు మార్గములు పుట్టినవి. మొదటిది 2004లో వచ్చిన సిటీ ఆఫ్ హీరోస్ చూపినది. అచ్చట పెద్ద పాత్ర చిన్న పాత్రను వెంటనిడుకొనినయెడల, ఆ చిన్న పాత్ర బలము తాత్కాలికముగ పెద్దదానికి దాపుగ పెరుగును. రెండవది 2012లో వచ్చిన గిల్డ్ వార్స్ 2 చూపినది. అచ్చట ఉన్నత పాత్ర తొలి ప్రాంతముల కడుగిడినప్పుడు, దాని బలము ఆ ప్రాంతమునకు తగినట్లు తగ్గును. పెద్దవాడు చిన్నవాని యెదుట ఒక్క వ్రేటుతో సర్వము ముగింపలేడు. మొదటిది చేయి పట్టి ఎత్తుట. రెండవది వంగి నడచుట.

ఎత్తుటలో నొక ప్రమాదము కలదు. పల్లెలలో చంటిపిల్లలను ఆటలో చేర్చుకొని, వారి నెవ్వరును లెక్కింపక, ఓడినను గెలిచినను పట్టించుకొనక విడుచుట యున్నది. ఆటలో అరటిపండు అని వారికి పేరు. పెద్దవాని చాటున నడచు క్రొత్తవాడు తానుగ నేమియు చేయలేనినాడు అతడును అరటిపండే యగును. కరుణ వేఱు, అవకాశము వేఱు. క్రొత్తవాడు కోరునది రెండవది.

ఈ విషయమున ఐస్‌లాండు దేశీయులు 2003లో వెలువరించిన ఈవ్ ఆన్‌లైన్ అను అంతరిక్ష నౌకల క్రీడ విచారింపదగినది. అచ్చట విద్యలు గడియారముతోపాటు పెరుగును. ఆటగాడు నిద్రించినను అతని పాత్ర నేర్చుకొనుచునే యుండును. కావున 2003లో పుట్టి అవిచ్ఛిన్నముగ నేర్చుచు వచ్చిన పాత్రను నేటి పాత్ర కాలముచేత మాత్రమే ఎన్నటికిని దాటలేదు. చూచుటకిది ఘోరమైన జ్యేష్ఠత. కాని అందొక సూక్ష్మము కలదు. ప్రతి విద్యకును 5 మెట్లే కలవు, ఆఱవది లేదు. ఒక చిన్న నౌకను నడపుటకు కావలసిన విద్యలు పరిమితములు. క్రొత్తవాడు వానిపైననే దృష్టి నిలిపెనేని, కొన్ని నెలలలో ఆ చిన్న నౌక విషయమున ఇరువదేండ్ల పాత్రతో సమానుడగును. పాతవాని ఆధిక్యము ఎత్తులో కాదు, వైశాల్యములో నుండును. అతనికి నూఱు నౌకలు నడపుట తెలియును. వీనికి ఒక్కటి తెలియును. ఆ యొక్కదానియందు మాత్రము వీడు వానికి తీసిపోడు.

అదే క్రీడలో 2016లో మఱియొక యేర్పాటు వచ్చెను. పాత పాత్ర తన విద్యలో కొంత భాగమును బయటకు తీసి, సంతలో అమ్ముకొనవచ్చును; క్రొత్త పాత్ర కొనుక్కొనవచ్చును. ఒక పెద్ద పొట్లములోని 5,00,000 పాయింట్లు, 50 లక్షలకు లోపుగ నున్న పాత్రకు సంపూర్ణముగ దక్కును. 8 కోట్లు దాటిన పాత్రకు అదే పొట్లమునుండి 1,50,000 మాత్రమే దక్కును. పేదవానికి పూర్తిగను ధనికునికి కొఱతగను లభించునట్లు చేయుటలో న్యాయబుద్ధి కనబడుచున్నది. అయినను ఇందును లోపము కలదు. విద్య సంతకెక్కినపుడు, నిజముగ ధనము గల క్రొత్తవాడు ధనము లేని క్రొత్తవానిని వెనుకకు నెట్టును. పాత క్రొత్తల భేదమును తొలగింపబోయి కలిమి లేముల భేదమును తెచ్చిపెట్టినట్లగును.

ఆఫీసులను ఒక్కసారి చూడుడు. పదోన్నతి లభింపని యుద్యోగికి 10, 20, 30 ఏండ్ల సేవ నిండినపుడు పై వేతనమెట్టు లభించు పథకము కలదు. అది కాలమునకు చేసిన గౌరవము. కొన్ని శాఖలలో, నిర్ణీత సేవ గలవారు పరీక్ష వ్రాసి, తమకన్న ముందు చేరినవారిని దాటుటకు వీలుగల శాఖాపరీక్షలు కలవు. అది నైపుణ్యమున కిచ్చిన యవకాశము. ఈ రెండును కలసియున్నంతకాలము సణుగుడుండునేగాని తిరుగుబాటుండదు. కాని చేరిన తేదీయే గోడయైనచోట మనసు నొచ్చును. 2004 జనవరి 1కి ముందు చేరిన కేంద్రోద్యోగికి ఒక పింఛను, ఆనాటినుండి చేరినవానికి, సైనికులకు తప్ప, వేఱొక విధానము. ప్రక్కప్రక్క బల్లలయొద్ద అదే పని చేయుచున్న యిద్దఱి నడుమ ఆ తేదీ ఎంత చర్చకు కారణమయ్యెనో సభ్యు లెఱుగుదురు. 2025 ఏప్రిల్ 1నుండి ఏకీకృత పింఛను పథకము ఐచ్ఛికముగ వచ్చినను ఆ చర్చ ముగియలేదు. పరీక్ష వ్రాసి దాటుటకు వీలులేని భేదము పుట్టిన తేదీవలె మారనిది. అందువలననే అది బాధించును.

కొందఱు పాత యాటగాం డ్రొక మాట యందురు: "అప్పుడు మేము పడితిమి, ఇప్పుడు వారును పడవలెను." కోడలిగ పడినదానిని అత్తయై తీర్చుకొను వాదమిది. శ్రమ రెండు విధములు. కత్తి పట్టుట నేర్పు శ్రమ యొకటి. దానిని తప్పించినయెడల క్రొత్తవాడే నష్టపడును. దారిలో ఊరక కాచుకొనియుండు శ్రమ యొకటి; దానివలన ఎవ్వరికిని లాభము లేదు. మొదటిదానిని నిలిపి, రెండవదానిని తొలగించుటయే తెలివి. పాతవాని బిరుదును, అతని యపూర్వ వస్తువును, అతని పేరును నిలిపియుంచవలెను. వానిని డబ్బునకు అమ్మరాదు. ఐనను ఒక్క పనియందైన క్రొత్తవాడు సమానుడగు దారిని మూయరాదు.

ఇంతకును ఆ లోకములు శాశ్వతములు కావు. పైన చెప్పిన సిటీ ఆఫ్ హీరోస్‌ను దాని యజమానులు 2012 నవంబరు 30న మూసివేసిరి. ఆ రాత్రి ఎనిమిదేండ్ల పాత్రయు ఎనిమిది రోజుల పాత్రయు ఒక్క నిమిషముననే మాయమయ్యెను. ఆ లోకమును తరువాత తిరిగి నిలిపినవారు అభిమానులే. వారిలో నొక బృందమునకు 2024లో యజమానుల యనుమతియు లభించినది. మిగిలినవి స్థాయిలు కావు, స్నేహములు.

మాయాబందరు రేవున దిగిన క్రొత్త కుటుంబమునకు ఈ ధర్మము పుస్తకములలో వెదుకబనిలేదు. ముందు వచ్చినవారు ఏ ఋతువున సముద్రము పొంగునో, మంచినీ రెచ్చట దొరకునో, పిల్లల నే బడిలో చేర్చవలెనో చెప్పుదురు. అట్లు చెప్పుటవలన వారి పెద్దఱికము తగ్గలేదు, హెచ్చినది. వెనుక వచ్చినవారు తమవెంట క్రొత్త విద్యను తెచ్చిరి. దానివలన ముందువారి గౌరవమునకు లోటు రాలేదు. సామెతలో ఒక మాట మఱవరాదు. ముందు వచ్చిన చెవులును, వెనుక వచ్చిన కొమ్ములును ఒకే తలమీద నున్నవి. అపాయము వచ్చుచున్నదని చెవులు వినినగాని కొమ్ములు ఎటు తిరుగవలెనో తెలియదు. కొమ్ములు లేనిచో చెవులు వినియు ప్రయోజనము లేదు.