చిన్న చిప్పుకు ఏ భాష?

తెలంగాణలో 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైనప్పుడు, భూగర్భజలాలు అడుగంటకుండా కరెంటు రాగానే మోటారును వాటంతటవే నడిపే ఆటో స్టార్టర్లను బోర్ల నుంచి తీసేయమని ప్రభుత్వం రైతులను కోరింది. ఇప్పుడు ఫోన్‌తో మోటారు ఆపే స్టార్టర్లు దొరుకుతున్నాయి. చందనవెల్లి ఊళ్లోని ఓ పొలంలో అలాంటి డబ్బా ఉంటే, దాన్ని నడిపేది మైక్రోకంట్రోలర్ అనే చిన్న చిప్పే.

దానికి ప్రోగ్రాం ఏ భాషలో రాయాలి? 1980లో ఇంటెల్ తెచ్చిన 8051లో ప్రోగ్రాంకు 4 కిలోబైట్లు, డేటాకు 128 బైట్లే చోటు. ఆ ఇరుకులో ఎక్కువగా, చిప్పు ఆదేశాలను ఒక్కొక్కటిగా రాసే అసెంబ్లీ భాషే దిక్కయింది. 1990లలో వచ్చిన ఏవీఆర్ చిప్పులను మాత్రం ప్రోగ్రాంను చిప్పు ఆదేశాలుగా మార్చే కంపైలర్ల నిపుణుల సలహాలు తీసుకుని, సి భాషకు అనువుగా మలిచారు. ఇవాళ సి వైపే నా ఓటు. చిప్పు మార్కెట్లో దొరక్కపోతే సి ప్రోగ్రాంను కొద్ది మార్పులతో మరో చిప్పుకు మార్చుకోవచ్చు. అసెంబ్లీ అయితే మళ్లీ మొదటికే.

అయితే ఒక ప్రమాదముంది. బోరులో నీళ్లు అయిపోయాయని సెన్సర్ చెప్పగానే, నడుస్తున్న పనిని మధ్యలో ఆపి వచ్చే కోడ్, అంటే ఇంటరప్ట్, ఒక వేరియబుల్‌ను మారుస్తుంది. దాన్ని ‘వోలటైల్’ అని ప్రకటించకపోతే, కంపైలర్ రిజిస్టర్‌లోని పాత విలువనే వాడుతూ పోవచ్చు. అప్పుడు మోటారు ఆగదు, కాలిపోవచ్చు. సి ప్రోగ్రాం చూస్తే తప్పేమీ కనిపించదు. కంపైలర్ ఇచ్చే అసెంబ్లీ లిస్టింగ్‌లో మాత్రం దొరికిపోతుంది.

మొయినాబాద్, చేవెళ్ల దారిలోని ఇంజనీరింగ్ విద్యార్థులారా! సందీప్ దత్తా మొదలుపెట్టిన ఎస్‌డీసీసీ అనే సి కంపైలర్ ఉచితంగా దొరుకుతుంది. సి లోనే రాయండి, అది తయారుచేసిన అసెంబ్లీని మాత్రం తప్పక చదవండి.