తప్పును వెనుకకు పిలిచి దిద్దుట
(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)

 

పూర్వమొకసారి మేము ఏడవ తరగతిలో నల్లబల్లపై ఒక లెక్కను తప్పుగా చేసితిమి. పిల్లలందరును దానిని వ్రాసికొని యిండ్లకు పోయిరి. ఆ రాత్రి తప్పు మాకు తెలిసినది. మరునాడు నోటుపుస్తకములన్నియు తెప్పించి దిద్దితిమి. సిగ్గుపడిన మాట నిజమే. కాని మేము ఊరకుండినచో ఆ తప్పునకు శిక్ష పరీక్షలో పిల్లలు అనుభవించెడివారు. వాహన సంస్థలు లోపముగల బండ్లను వెనుకకు పిలిపించుటయు ఇట్టిదే. దీనినే రీకాల్ అందురు.

బెంగళూరు వీథులలో నేడు విద్యుత్ స్కూటర్లు విరివిగా తిరుగుచున్నవి. పొగ లేని మంచి వాహనములే. వాని బ్యాటరీలో అనేక లిథియం అయాన్ సెల్లులుండును. ప్రతి సెల్లులోను రెండు ధ్రువములను ఒక పలుచని పొర వేరుచేయుచుండును. ఆ పొర చెడినచో లోపల షార్టుసర్క్యూట్ ఏర్పడి వేడి పుట్టును. ఆ వేడి ప్రక్క సెల్లునకు, దానినుండి మరియొకదానికి ప్రాకి మంటయగును.

2022 ఏప్రిల్ మాసమున నిజామాబాదులో ఇంటిలో ఛార్జింగునందున్న స్కూటరు బ్యాటరీ ప్రేలి ఎనుబదేండ్ల వృద్ధుడు మరణించెను. ఆ నెలలోనే విజయవాడలో పడకగదిలో ఛార్జింగు పెట్టిన బ్యాటరీ ప్రేలి ఒక గృహస్థుడు ప్రాణములు కోల్పోయెను. ఆ మాసముననే హైదరాబాదులోని ప్యూర్ ఈవీ సంస్థ 2,000 స్కూటర్లను, ఒకినావా సంస్థ 3,215 స్కూటర్లను, మన బెంగళూరులోని ఓలా ఎలక్ట్రిక్ సంస్థ 1,441 స్కూటర్లను తనిఖీకై పిలిపించినవి. అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 2021లో తన బోల్ట్ విద్యుత్ కార్లన్నిటిని పిలిపించి, బాగుచేయువరకు వానిని ఇంటికి దూరముగా ఆరుబయట నిలుపుడని యజమానులను హెచ్చరించెను.

మన దేశమున 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టమునందు 110-ఎ విభాగము దీనికై చేర్చబడి, 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ప్రభుత్వము ఆజ్ఞాపించినచో తయారీదారు వాహనమును బాగుచేయవలెను, లేదా మార్చి యీయవలెను, లేదా మూల్యము తిరిగి చెల్లింపవలెను. తన లోపమును తానే గుర్తించి ప్రభుత్వమునకు తెలిపి బండ్లను పిలిపించువానికి ఆ విభాగము క్రింద జరిమానా లేదు. తప్పు ఒప్పుకొన్న విద్యార్థిని గురువు మన్నించునట్లే చట్టమును మన్నించుచున్నది.

అయితే పిలుపు విన్నవారికే మేలు. ఆ వర్తమానము తరచుగా ఇంగ్లీషులో వచ్చును. సెల్‌ఫోనులో ప్రకటనల నడుమ మరుగుపడును. బండి చేతులు మారినచో మొదటి యజమానికే చేరవచ్చును. మన పిల్లల తల్లిదండ్రులలో కొందరికి తెలుగు తప్ప చదువరాదు.

విద్యార్థులారా! మీరు తెలుగు, కన్నడము, ఇంగ్లీషు మూడును నేర్చుచున్నారు. అట్టి ఉత్తరము వచ్చినచో చదివి అమ్మకు, నాయనకు అర్థమగునట్లు తెలుగులో చెప్పుడు. సెకండ్‌హ్యాండు బండి కొన్నచో దాని ఛాసిస్ నంబరు సర్వీసు కేంద్రమున చూపి, రీకాల్ కలదా యని విచారింపుమని పెద్దలకు గుర్తుచేయుడు. పడకగదిలోను, వెలుపలికి పోవు దారిలోను ఛార్జింగు పెట్టనీయకుడు. బ్యాటరీ ఉబ్బినను, ఘాటైన వాసన వచ్చినను వెంటనే పెద్దలకు చెప్పి దూరముగా తొలగుడు.

మీరు చదివి చెప్పిన ఒక్క ఉత్తరము ఒక కుటుంబమును కాపాడవచ్చును. మీ చదువునకు అంతకన్న మంచి మార్కు మేము వేయజాలము. సెలవు.