గిడ్డంగులలో మరమనుషులు – హమాలీల బ్రతుకుతెరువు
(హుజూరాబాదు ప్రాంతపు గ్రామపంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగము)



హుజూరాబాదు, జమ్మికుంట ప్రాంతముల వారికి గిడ్డంగిని గూర్చి క్రొత్తగా చెప్పవలసిన పనిలేదు. ఇచ్చటి పొలములలో పండించిన వరి విత్తనము ఇతర రాష్ట్రములకు సైతము పోవుచున్నది. జమ్మికుంట మార్కెట్టు పత్తికి పేరుగన్నది. కోతలు ముగియగనే వడ్లు కాంటాలకు, అచ్చటినుండి మిల్లులకు, మిల్లులనుండి బియ్యము గోదాములకు తరలిపోవును. ఈ దారిలో ప్రతి మజిలీయందును బస్తా నెత్తువాడును, దింపువాడును హమాలీయే. వడ్ల బస్తా 40 కిలోలు. బియ్యపు బస్తా 50 కిలోలు. దినమునకు 200 బియ్యపు బస్తాలు మోసినవాడు 10 టన్నుల బరువును తన వీపుమీదుగా దాటించినవాడగును.

ఇప్పుడీ మోతపనిని మనిషి చేయి తగులకుండ చేయగల యంత్రములు లోకములో వ్యాప్తిలోనికి వచ్చినవి. వీనినే రోబోలనియు, మరమనుషులనియు అనుచున్నారు. ఇవి మన గోదాములకు వచ్చినచో మనకు కలుగు లాభమేమి, నష్టమేమి అను విషయమును మనమందరము కలిసి ఆలోచింపవలసియున్నది.

మరమనిషి యనగానే కాళ్ళు చేతులు గల బొమ్మను ఊహింపరాదు. గోదాములలో తిరుగునది చాలవరకు చక్రములు గల పొట్టిబండి. సరకులుంచిన అలమర క్రిందికి దూరి, దానిని పైకెత్తి, పనివాని చెంతకు తెచ్చి నిలుపును. సెల్ ఫోనుతో డబ్బు చెల్లించునపుడు మనము చూచు గళ్ళముద్రవంటి ముద్రలను నేలపై అతికించెదరు. బండి వానిని చదువుకొనుచు దారి తెలిసికొనును. మరికొన్ని బండ్లు లేసరు కిరణములతో చుట్టుప్రక్కల కొలతలు తీసి, మనిషి ఎదురుపడిన ఆగిపోవును. విద్యుత్తు తగ్గినచో తామే పోయి బ్యాటరీ నింపుకొనును.

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. తీగ ననుసరించి, నడుపువాడు లేకయే సాగు లాగుడుబండ్లను అమెరికాలో 1950 దశకముననే గోదాములలో వాడిరి. 2012లో అమెజాన్ సంస్థ ఇట్టి యంత్రములు చేయు కీవా సిస్టమ్స్ కంపెనీని 77 కోట్ల 50 లక్షల డాలర్లకు కొన్నది. 2025 నాటికి ఆ సంస్థ గోదాములలో పనిచేయు యంత్రముల సంఖ్య 10 లక్షలకు చేరినది. మన దేశములోను గ్రేఆరెంజ్, ఆడ్‌వెర్బ్ వంటి సంస్థలు వీనిని తయారు చేయుచున్నవి. బెంగుళూరులో ఫ్లిప్‌కార్ట్ సంస్థ పార్సిళ్ళను ఊళ్ళవారీగా వేరుచేయుటకు 2019లోనే ఇట్టి బండ్లను నియోగించినది.

అయినను పార్సిలు వేరు, ధాన్యపు బస్తా వేరు. అట్టపెట్టె ఎక్కడ పెట్టిన అక్కడ చదరముగా కూర్చుండును. గోనెబస్తా ఒకవైపు జారును, ఇంకొకవైపు ఉబ్బును. కుట్టు వీడినచో గింజలు నేల పాలగును. ధూళి యంత్రపు కన్నును కప్పివేయును. నేల ఎగుడుదిగుడైనచో చిన్న చక్రములు సాగవు. అన్నిటికంటె ముఖ్యమైన దేమనగా, మన గోదాములకు పని రెండు కోతల కాలమందే ముమ్మరముగా నుండును. మిగిలిన నెలలలో ఊరక నిలుచు యంత్రమునకు పెట్టుబడి తిరిగి వచ్చుట కష్టము.

సమీపమందలి ఉదాహరణము నొకదానిని చూతము. సహకార సంఘములకు ధాన్యపు గోదాములు సమకూర్చు పథకము క్రింద 2024 ఫిబ్రవరి 24న ప్రయోగాత్మకముగా 11 రాష్ట్రములలో 11 గోదాములు ప్రారంభింపబడినవి. వానిలో పూర్వపు కరీంనగర్ జిల్లాలోని గంభీరావుపేట సహకార సంఘపు గోదాము ఒకటి. దాని సామర్థ్యము 500 టన్నులు; అనగా 10,000 బియ్యపు బస్తాలు. ఇంతటి గోదామునకు మరమనుషుల దండు అక్కరలేదు. చదునైన గట్టినేల, లారీ ఎత్తునకు సరిపోవు అరుగు, బస్తాలను పైకి చేర్చు కన్వేయరు బెల్టు, నాలుగు మంచి తోపుడుబండ్లు ఉన్న చాలును. హమాలీ నడుమునకు మొదటి ఊరట వీనివలననే కలుగును.

పెద్ద గోదాములలోనైనను యంత్రమునకు ఏ పనిని ముందప్పగింపవలెనో తెలిసికొనవలెను. పురుగును చంపుటకు బస్తాల దొంతరలపై పట్టాలు కప్పి ఫాస్ఫీన్ అను విషవాయువును పట్టించెదరు. ఆ సమయమున లోపలికి పోవుట ప్రాణాపాయము. అట్టిచోట వేడిమిని, వాయువును కొలుచు పని యంత్రమునకే తగియున్నది. విత్తనపు గోదాములో ఒక లాటు బస్తా మరియొక లాటులో కలిసినచో రైతు ఒక పంట కాలమును నష్టపోవును. ప్రతి బస్తా చీటీని చదివి లెక్క ఉంచు యంత్రము అచ్చట మేలు చేయును. ఎత్తైన దొంతరనుండి బస్తాలు దింపు పనియు అట్టిదే.

ఇక అసలు చిక్కు కూలిని గూర్చినది. హమాలీకి కూలి బస్తా లెక్కన ముట్టును. బస్తా మోయు పని తగ్గినచో కూలియు తగ్గును. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫారసు ప్రకారము వయోజనుడైన పురుషుడు మోయు బరువు 55 కిలోలు మించరాదు. బరువును తగ్గించుట న్యాయమే. కాని బరువుతోబాటు బువ్వను గూడ దింపివేయుట న్యాయము కాదు. పంజాబులోని మోగాలో 2 లక్షల టన్నుల గోధుమలు పట్టు ఉక్కు గాదెలున్నవి. అచ్చట ధాన్యము సంచిలో పడకయే బెల్టులమీద నడచిపోవును. అట్టిచోట మోయుటకు బస్తాయే ఉండదు. మార్పు వచ్చిన పిదప మేల్కొనుటకంటె ముందే ఏర్పాటు చేసికొనుట మేలు.

ఇతర రాష్ట్రములు కొంత దారి చూపినవి. మహారాష్ట్రలో 1969లో మాథాడీ హమాలీల చట్టము, కేరళలో 1978లో తలమోత కార్మికుల చట్టము వచ్చినవి. కార్మికుల పేర్లు నమోదు చేసి, కూలికిని సంక్షేమమునకును బోర్డుల ద్వారా పూచీపడుట వీని మార్గము. యంత్రము ఎవరిదను ప్రశ్నయు ముఖ్యమే. పూర్వపు కరీంనగర్ జిల్లాలోని ముల్కనూరు సహకార సంఘము 1956లో స్థాపితమై, సభ్యుల ఉమ్మడి ఆస్తిగా మిల్లులను, విత్తన శుద్ధి కర్మాగారములను నడుపుచున్నది. ఉమ్మడి సొత్తైన యంత్రము మిగిల్చిన సొమ్మును ఎట్లు పంచవలెనో సభ్యులే నిర్ణయించుకొనవచ్చును. ఆ పంపకములో హమాలీకిని పాలుండునట్లు చూచుట వారి ధర్మము.

కావున పంచాయతీ సభ్యులు మూడు పనులు చేయవలెనని మా మనవి. మొదటిది: మీ గ్రామమందలి హమాలీల పట్టికను సిద్ధము చేసి, 2021లో ప్రారంభమైన ఈ-శ్రమ్‌లో పేరు లేనివారిని నమోదు చేయింపుడు. రెండవది: గోదామునకు అనుమతియో స్థలమో కోరి వచ్చినవారిని, ఎన్ని బస్తాలు యంత్రము మోయును, ఎందరికి పని మిగులును, పని పోయినవారికి ఏ పని ఇత్తురు అని గ్రామసభలో అడుగుడు, వారి జవాబును తీర్మానములో వ్రాయింపుడు. మూడవది: హమాలీల బిడ్డలను యంత్రములను నడుపు, బాగుచేయు విద్యకు పంపుడు. మన రాష్ట్రములో టాటా టెక్నాలజీస్ సంస్థతో కలిసి 65 ఐ.టి.ఐ.లను ఆధునిక శిక్షణ కేంద్రములుగా మార్చు కార్యక్రమము 2024లో మొదలైనది. రోబోల విద్యయు వానిలో ఒకటి.

యంత్రము రాకను ఆపుట మన చేతిలో లేకపోవచ్చును. అది వచ్చునాటికి మన ఊరి హమాలీ పేరు పట్టికలో ఉండుట, అతని బిడ్డ చేతిలో పనిముట్టు ఉండుట మాత్రము మన చేతిలోనిదే. రాబోవు గ్రామసభలోనే ఈ విషయమును చర్చకు పెట్టుదురని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాము.