పని ముగిసిన పిమ్మట

(సమాజ వార్షికోత్సవమున, హస్తకళా ప్రదర్శన ప్రారంభమునకు ముందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము మీరు చూడబోవు ప్రదర్శనలో మన ఇండ్లలోనివారు తయారుచేసిన పళ్లెములు, గోడ గడియారములు, ఎండిన పూలరేకులు పొదిగిన తాళపుచెవుల గొలుసులు ఉన్నవి. వానిపై అద్దమువలె మెరయు పదార్థము పేరు ఎపాక్సీ రెజిన్. ఆ వస్తువులను మెచ్చుకొనుటకు మీరందరు ఉన్నారు. నేను మాత్రము వస్తువులలో చేరక మిగిలిపోయిన జిగురును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. పండుగనాడు చెత్త ప్రసంగమేమని మీరు నవ్వవచ్చును. దానికి కారణము కలదు.

గత సంవత్సరము దీపావళికి ముందు మా ఇంటిలోను ఈ పని జరిగెను. పని ముగిసిన పిమ్మట, కొంత మిగిలియున్న హార్డెనర్ సీసాను మూత సరిగా బిగింపక, చిత్తు కాగితములతో కలిపి సంచిలో పడవేసితిమి. చెత్త తీసికొనిపోవు మనిషి వట్టి చేతులతో ఆ సంచిని విప్పి కాగితములు ఏరుకొనెను. రెండు దినముల తరువాత అతడు వచ్చి, ఎఱ్ఱబారి పొక్కులెక్కిన అరచేతులు చూపి, ఆ సంచిలో ఏముండెనని అడిగెను. ఆ ప్రశ్నలో కోపము లేదు. అందుచేతనే మాకు మరింత సిగ్గు కలిగెను. వైద్యునికి చూపించితిమి, నయమయ్యెను. కాని వారము దినములు అతడు పని చేయలేకపోయెను. మా ఇంటి వేడుకకు వెల అతడు చెల్లించెను.

అప్పటినుండి ఈ పదార్థమును గూర్చి కొంత తెలిసికొంటిని. మన ఏటికొప్పాక బొమ్మలవారు వాడు లక్కయు ఒక విధమైన జిగురే. అది వేడికి మెత్తబడును, చల్లారి గట్టిపడును. రాలిన ముక్కను మరల కరగించి వాడుకొనవచ్చును. ఎపాక్సీ తీరు వేరు. ఇందు రెజిన్, హార్డెనర్ అని రెండు ద్రవములు ఉండును. రెండును కలిసినప్పుడు రసాయనిక చర్య జరిగి, అణువులు వలవలె అల్లుకొని గట్టిపడును. ఒకసారి గట్టిపడినది మరల కరగదు. కావున పూర్తిగా గట్టిపడిన ముక్కతో భయము స్వల్పము. అపాయమంతయు ద్రవముగా ఉన్నప్పుడే. హార్డెనర్‌లోని అమీనులు చర్మమును, కన్నులను బాధించును. రెజిన్ పదేపదే చేతులకు అంటినచో కొందరికి దురద, దద్దురులు పుట్టును. ఒకసారి అట్టి గుణము ఏర్పడిన పిమ్మట కొద్దిపాటి స్పర్శకే మరల కనబడును.

ఇక మొదటి సూత్రము: మిగులకుండ కలుపుకొనుట. 20 సెంటీమీటర్ల వ్యాసము గల గుండ్రని పళ్లెముపై 3 మిల్లీమీటర్ల మందమున పోయుటకు సుమారు 95 మిల్లీలీటర్లు చాలును. 100 కలుపుకొన్నచో సరిపోవును. అందాజుగా 200 కలిపినందువలననే సగము మిగులుచున్నది. ఆ కొద్దిపాటి శేషమును పోయుటకు బొత్తాముల అచ్చు ఒకటి ప్రక్కన ఉంచుకొనుడు. చలికాలమున సీసాలోని రెజిన్ తెల్లబారి పేరుకొన్నచో చెడిపోయినదని పారవేయకుడు. మూత బిగించిన సీసాను వేడి నీటిలో కొంతసేపు ఉంచినచో చాలవరకు పూర్వరూపమునకు వచ్చును.

రెండవ సూత్రము: ద్రవమును గట్టిపరచిన పిమ్మటనే పారవేయుట. కలిపిన జిగురు మిగిలినచో గ్లాసులోనే వదలి చెత్తబుట్టలో వేయరాదు. గట్టిపడునప్పుడు అందు వేడి పుట్టును. పలుచని పొరలో ఆ వేడి గాలిలో కలిసిపోవును; లోతైన గ్లాసులో పోవుదారి లేక పెరిగి, పొగలు వచ్చి, ప్లాస్టిక్ గ్లాసు కరగుటయు కలదు. ప్రక్కన కాగితములున్నచో ఏమగునో మీరే ఊహింపవచ్చును. వేసవిలో ఈ చర్య మరింత త్వరగా జరుగును. కావున మిగిలినదానిని పాత రేకు పళ్లెములో పాలిథీన్ పరచి, దానిపై పలుచగా పోసి, బాల్కనీలో పిల్లలకు అందనిచోట ఉంచవలెను. సామాన్యముగా ఒక దినమునకు పైభాగము గట్టిపడును. పూర్తిగా కుదురుకొనుటకు కొన్ని దినములు పట్టును. అటుపిమ్మట ఆ బిళ్లను పొడి చెత్తలో వేయవచ్చును.

మూడవది: రెండింటిలో ఒకటే మిగిలినచో, తోచిన పాళ్లలో కలిపి వదిలించుకొనజూడకుడు. కొలత తప్పినచో అది ఎన్నటికి సరిగా గట్టిపడదు. దానిని దాని సీసాలోనే మూత బిగించి, పేరుచీటీ చెరుపక, వేరుగా ఉంచి, అపాయకర వ్యర్థమును తీసికొను పురపాలక కేంద్రమునకు ఇయ్యవలెను. 2016 నాటి ఘన వ్యర్థ నిర్వహణ నియమములే రంగుడబ్బాలను, పురుగుమందుల డబ్బాలను, వాడిన బ్యాటరీలను గృహములలోని ప్రమాదకర వ్యర్థములుగా వేరుచేసినవి. మన సీసా స్థానము వానితోనే. చెత్త తీసికొనిపోవువానికి ఇచ్చునప్పుడు, ఇందు ఏమున్నదో నోటితో చెప్పి ఇచ్చుట కనీస ధర్మము.

వంటింటి తొట్టిలోనో, మురుగు కాలువలోనో పోయుట తగదు. రెజిన్ నీటిలో కలియదు, నీటికంటె బరువైనది కావున అడుగున చేరి గొట్టములకు అంటుకొనును, జలచరములకు విషము. తగులబెట్టుటయు తగదు, ఆ పొగ మన పిల్లలే పీల్చవలెను. ఖాళీ సీసాను కడిగి నూనె పోసికొనుట మన ఇండ్ల పొదుపరి అలవాటు. ఈ ఒక్క విషయమున ఆ పొదుపు వలదు.

చివరగా గుడ్డలు, పొడి. అసిటోన్‌తో తుడిచిన గుడ్డను పొయ్యికి దూరముగా, ఆరుబయట ఆరవిడిచి, పిమ్మట పారవేయవలెను. చేతికి అంటిన జిగురును అసిటోన్‌తో కడుగరాదు. పొడిగుడ్డతో తుడిచి, సబ్బుతో కడుగవలెను. కొయ్యకు అవిసె నూనె పూసిన గుడ్డలను ఉండచుట్టి మూలన వేయకుడు. అవి తమంత తామే వేడెక్కి అంటుకొనగలవు. నీటిలో తడిపి విప్పి ఆరవేయుడు. గరుకు కాగితముతో రుద్దునప్పుడు లేచు పొడిని ముక్కుకు మాస్కు లేక పీల్చరాదు. తడిగుడ్డతో ఎత్తవలెను, చీపురుతో ఊడ్చరాదు.

సోదరీసోదరులారా, నేను ఈ కళను మానుమని చెప్పుటలేదు. మా ఇంటిలో ఈ సంవత్సరమును ఆ పని జరిగినది. ఆ మూలనున్న నీలి పళ్లెము మా అమ్మాయి చేసినదే. కాని ఈసారి మిగిలిన సీసా ఒక డబ్బాలో, పెద్ద అక్షరములతో హిందీలో వ్రాసిన చీటీతో ఉన్నది. వస్తువు అందముగా వచ్చిననాడే పని ముగిసినదని మనమనుకొందుము. మిగిలినది మరియొకరి చేతిని బాధింపని విధముగా అప్పగించిననాడే అది నిజముగా ముగియును. ప్రదర్శనలో ప్రతి బల్లవద్దను ఈ నియమములను వ్రాసియుంచినారు. వస్తువుతోపాటు వానిని కూడ ఒక్కసారి చూడ ప్రార్థన.