అడిగి ఎక్కిన సింహాసనం



ఒక చరిత్ర అధ్యాపకుడి స్మృతిలో జరుగుతున్న ఈ సభలో నేను ఒక రాజు గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కొంచెం వెనకాడారు. మనం సంస్థానాలను విలీనం చేసుకున్నాం, రాజభరణాలను కూడా 1971లో రద్దు చేసుకున్నాం. ఇప్పుడు రాజులతో మనకేం పని అన్నది న్యాయమైన ప్రశ్నే. అయితే నేను చెప్పబోయేది ఓట్లు లెక్కపెట్టిన తర్వాత గానీ గద్దె ఎక్కనన్న రాజు గురించి. ఆయన నార్వే రాజు ఏడవ హాకోన్.

ఆయన నార్వే వాడు కాదు. 1872 ఆగస్టు 3న డెన్మార్క్‌లో, కోపెన్‌హాగెన్ దగ్గరి షార్లొట్టెన్‌లుండ్ భవనంలో పుట్టాడు. పెట్టిన పేరు కార్ల్. యువరాజు ఫ్రెడరిక్‌కి రెండో కొడుకు. రెండో కొడుకంటే సింహాసనం మీద ఆశ లేనివాడని అర్థం. అన్న క్రిస్టియన్ రాజవుతాడు, తమ్ముడు ఏదో ఒక ఉద్యోగం చూసుకోవాలి. కార్ల్ నౌకాదళంలో చేరాడు.

అయితే ఆ ఇల్లు మామూలు ఇల్లు కాదు. తాత తొమ్మిదవ క్రిస్టియన్‌ను ఐరోపా మొత్తానికీ మామగారని పిలిచేవారు. ఆయన పెద్దకూతురు అలెగ్జాండ్రా బ్రిటన్ రాజు ఏడవ ఎడ్వర్డ్ భార్య. రెండో కూతురు డాగ్మార్ రష్యా చక్రవర్తి మూడవ అలెగ్జాండర్ భార్య. ఒక కొడుకు జార్జ్ గ్రీసుకి రాజు. సెలవులకు అందరూ డెన్మార్క్‌లో తాతగారింట్లో చేరితే, ఒకే బల్ల చుట్టూ మూడు నాలుగు రాజ్యాల వారసులు కూర్చునేవారు. రష్యా చివరి చక్రవర్తి రెండవ నికొలస్, బ్రిటన్ రాజు ఐదవ జార్జ్ ఇద్దరూ కార్ల్‌కు మేనత్తల కొడుకులే.

తల్లి లూయీస్ వైపు కూడా చూడాలి. ఆమె స్వీడన్ రాజు పదిహేనవ కార్ల్ ఏకైక కుమార్తె. ఆ రోజుల్లో స్వీడన్, నార్వేలకు ఒకడే రాజు కాబట్టి ఆ తాత నార్వేకి కూడా రాజే. ఆయన వంశ మూలపురుషుడు బెర్నడోట్, నెపోలియన్ సైన్యంలో మార్షల్‌గా పనిచేసిన ఫ్రెంచివాడు. డేనిష్ తండ్రి, స్వీడిష్ తల్లి, ఫ్రెంచి ముత్తాతలు. ఇక 1896లో కార్ల్ పెళ్లాడింది ఎడ్వర్డ్, అలెగ్జాండ్రాల కూతురు మాడ్‌ని. మన లెక్కలో అచ్చమైన మేనరికం. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఇప్పుడు 1905కి వద్దాం. నార్వేకి 1814 మే 17న ఐడ్స్‌వోల్‌లో రాసుకున్న సొంత రాజ్యాంగం ఉంది, స్టోర్టింగ్ అనే సొంత పార్లమెంటు ఉంది. లేనిది సొంత రాజు, సొంత విదేశాంగ శాఖ. తమ ఓడలు ప్రపంచమంతా తిరుగుతున్నాయి కాబట్టి తమ కాన్సల్ కార్యాలయాలు తమకు కావాలని నార్వే పట్టుపట్టింది. రాజు రెండవ ఆస్కార్ ఆ చట్టానికి ఒప్పుకోలేదు. జూన్ 7న స్టోర్టింగ్ స్వీడన్‌తో బంధం తెంచుకుంది. ఆగస్టులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో విడిపోవాలన్నవారు 3,68,208 మంది, వద్దన్నవారు 184 మంది! ఓటు హక్కు లేని స్త్రీలు ఊరుకోలేదు, సంతకాలు సేకరించారు. ఆ సంతకాలు 2 లక్షల 40 వేలు దాటాయి.

గద్దె ఖాళీ అయింది. నార్వే నాయకుల కన్ను కార్ల్ మీద పడింది. బ్రిటన్ రాజుగారి అల్లుడు, నార్వేని ఒకప్పుడు ఏలిన రాజు మనవడు, పైగా అప్పటికే ఒక కొడుకున్నవాడు. ఇందులో ఒక విచిత్రం ఉంది. నార్వే వద్దనుకున్న ఆస్కార్ స్వయానా కార్ల్ తల్లికి బాబాయి. బాబాయిని పంపించి, అన్న కూతురి కొడుకును పిలుస్తున్నారన్నమాట. మామగారు ఎడ్వర్డ్ త్వరగా వెళ్లమని తొందరపెట్టాడు. ఆలస్యమైతే గణతంత్రం వచ్చేస్తుందని ఆయన భయం.

కార్ల్ కదలలేదు. నార్వేలో గణతంత్రవాదులు బలంగా ఉన్నారని విన్నాడు. పార్లమెంటు పిలిస్తే సరిపోదు, జనాన్ని అడగండి అన్నాడు. మంత్రివర్గానికి ఇది రుచించలేదు. చేతికి అందిన రాజును మళ్లీ ఓటుకు పెట్టడమేమిటని వాళ్ల గోల. అయినా ఆయన పట్టు విడవలేదు. నవంబరు 12, 13 తేదీల్లో ఓటింగు జరిగింది. రాజు కావాలన్నవి 2,59,563 ఓట్లు, వద్దన్నవి 69,264. నా దృష్టిలో కార్ల్ జీవితంలో అత్యంత తెలివైన పని ఇదే. దాని విలువ ఆయనకే పూర్తిగా తెలిసింది ముప్పై అయిదేళ్ల తర్వాత.

నవంబరు 25న, మంచు కురుస్తుండగా, రెండేళ్ల కొడుకును చంకనెత్తుకుని ఓడ దిగాడు. పాత నార్వే రాజుల వరుస తెగినచోట అందుకుంటూ హాకోన్ అని పేరు మార్చుకున్నాడు. ఆరవ హాకోన్ చనిపోయింది 1380లో! అలెగ్జాండర్ అనే చంటివాడు ఓలవ్ అయ్యాడు. 1906లో ట్రాండ్‌హైమ్ కెథెడ్రల్‌లో కిరీటం పెట్టారు. రెండేళ్లకే పట్టాభిషేకం అక్కర్లేదని రాజ్యాంగం నుంచి ఆ నిబంధన తీసేశారు. అంటే నార్వేలో చివరిసారి తలకు కిరీటం పెట్టించుకున్నది ఓట్లతో వచ్చిన రాజూ, ఆయన రాణీ.

తర్వాతి మూడు దశాబ్దాల్లో చెప్పుకోదగ్గ సంగతి ఒకటుంది. 1928లో ఆయన లేబర్ పార్టీని ప్రభుత్వం ఏర్పాటు చేయమన్నాడు. అప్పట్లో ఆ పార్టీ పేరెత్తితే విప్లవం గుర్తొచ్చి సంపన్నులు ఉలిక్కిపడేవారు. నేను కమ్యూనిస్టులకు కూడా రాజునే అని హాకోన్ అన్నట్టు చెబుతారు. ఆ ప్రభుత్వం మూడు వారాలైనా నిలవలేదు, అది వేరే సంగతి.

1940 ఏప్రిల్ 9. తెల్లవారకముందే జర్మన్ నౌకలు ఓస్లో వైపు వచ్చాయి. ఆస్కార్స్‌బోర్గ్ కోటలోని పాత ఫిరంగులు, టార్పెడోలు కలిసి బ్లూషర్ అనే కొత్త క్రూజర్‌ను ముంచేశాయి. ఆ ఫిరంగులు జర్మనీలోని క్రుప్ కంపెనీ తయారుచేసినవే! ఆ కొన్ని గంటల వ్యవధిలో రాజు, మంత్రులు, పార్లమెంటు సభ్యులు రైలెక్కి హామార్‌కి, అక్కడినుంచి ఎల్వెరుంకి వెళ్లిపోయారు.

మర్నాడు జర్మన్ రాయబారి కుర్ట్ బ్రాయర్ ఎల్వెరుం వచ్చి రాజును కలిశాడు. కోరిక ఒక్కటే, నార్వే నాజీ నాయకుడు విద్‌కున్ క్విస్లింగ్‌ను ప్రధానిగా నియమించాలి. డెన్మార్క్‌లో మీ అన్నగారు దారికొచ్చారు కదా, మీరూ రండి అన్నాడు. ఇక్కడొక చిక్కు గమనించాలి. కాగితం మీద చూస్తే బ్రాయర్ అడిగింది చట్టవిరుద్ధం కాదు. మంత్రిమండలిని రాజే ఎంచుకుంటాడని 1814 రాజ్యాంగం అక్షరాలా రాసింది. పార్లమెంటు విశ్వాసం ఉన్నవాడినే నియమించాలన్నది 1884 నుంచి స్థిరపడిన సంప్రదాయం మాత్రమే. మన గవర్నర్ల వివాదాలు చూస్తున్నవారికి రాతకీ సంప్రదాయానికీ మధ్య ఉన్న ఈ ఖాళీ ఎంత ప్రమాదకరమో నేను చెప్పనక్కర్లేదు.

మంత్రులతో మాట్లాడకుండా జవాబివ్వనన్నాడు హాకోన్. నీబెర్గ్‌సుండ్ గ్రామంలో మంత్రివర్గం కూర్చుంది. నిర్ణయం మీది, దాని బాధ్యతా మీదే అన్నాడు రాజు. కాని జనానికీ, పార్లమెంటుకీ నమ్మకం లేని క్విస్లింగ్‌ను నియమించడం తన వల్ల కాదన్నాడు. మీరు ఒప్పుకోదలిస్తే తాను గద్దె దిగిపోతానన్నాడు. మంత్రులందరూ ఆయన పక్షాన నిలిచారు. బ్రాయర్ తిరుగుదారిలో ఆగి ఫోన్ చేసి, కాదన్న జవాబు విన్నాడు. అతను ఆగిన ఊరు, 1814లో రాజ్యాంగం రాసుకున్న ఆ ఐడ్స్‌వోలే. మరుసటి రోజు నీబెర్గ్‌సుండ్ మీద బాంబులు కురిశాయి. రాజూ, యువరాజూ మంచులో అడవిలోకి పరుగెత్తి బతికారు.

అన్న పదవ క్రిస్టియన్ సంగతి కూడా న్యాయంగా చెప్పాలి. డెన్మార్క్ కొన్ని గంటల్లోనే లొంగిపోయింది. ఆ చదునైన నేల మీద పారిపోవడానికి కొండలూ లేవు, అడవులూ లేవు. ఆయన కోపెన్‌హాగెన్‌లోనే ఉండి, రోజూ గుర్రమెక్కి ఒంటరిగా వీధుల్లో తిరిగేవాడు. జనం చుట్టూ సైకిళ్ల మీద వచ్చేవారు. యూదుల కోసం ఆయన పసుపు నక్షత్రం ధరించాడన్నది మాత్రం కట్టుకథ. అన్న ఉండిపోయి గౌరవం నిలుపుకున్నాడు, తమ్ముడు వెళ్లిపోయి నిలుపుకున్నాడు. ఒకరిని పొగడటానికి మరొకరిని తక్కువ చేయనక్కర్లేదు.

1940 జూన్ 7న హాకోన్ ట్రోమ్సో నుంచి బ్రిటిష్ నౌకలో దేశం విడిచాడు. అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. జర్మన్ల ఒత్తిడికి లొంగి స్టోర్టింగ్ అధ్యక్షమండలే ఆయన్ని గద్దె దిగమని ఉత్తరం రాసింది. పార్లమెంటు మాట జవదాటకూడదన్నది ఆయన నియమం కదా, మరి ఏం చేయాలి? జులైలో లండన్ నుంచి జవాబిచ్చాడు. తుపాకుల నీడలో తీసుకున్న నిర్ణయం స్వేచ్ఛగా పలికిన జనవాక్యం కాదు, కాబట్టి అంగీకరించనన్నాడు. స్టోర్టింగ్ పిలుపు ఒక్కదాన్నే నమ్ముకుని వచ్చి ఉంటే, స్టోర్టింగ్ పొమ్మన్నప్పుడు ఆయన దగ్గర జవాబు ఉండేది కాదు. ఆ 2,59,563 ఓట్లు ఉన్నాయి కనుకనే ఉంది. ఆ జవాబు బీబీసీలో వినిపించింది. ఆయన చిహ్నం, హెచ్ అక్షరం నడుమ ఏడు అంకె, నార్వే గోడల మీదా మంచు మీదా కనిపించసాగింది.

1945లో సరిగ్గా అదే జూన్ 7న తిరిగొచ్చాడు. 1955లో కిందపడి తొడ ఎముక విరిగింది, మళ్లీ నడవలేదు. 1957 సెప్టెంబరు 21న కన్నుమూశాడు.

కొడుకు ఓలవ్ పెళ్లి చేసుకున్నది హాకోన్ చెల్లెలు ఇంగెబోర్గ్ కూతురు మార్థాను, అంటే మళ్లీ మేనరికమే. మూడో తరంలో ఓలవ్ కొడుకు హరాల్డ్ ఆ దారి తప్పించాడు. అతను ప్రేమించిన సోన్యా ఓస్లోలో ఒక బట్టల వ్యాపారి కూతురు. రాజకుటుంబం కాని పిల్లను చేసుకుంటే రాచరికానికే ముప్పని చాలామంది వాదించారు. తొమ్మిదేళ్లు నలిగింది వ్యవహారం. చివరికి రాజు ఓలవ్ తండ్రిగా తానొక్కడే తేల్చలేదు. ప్రభుత్వంతో, స్టోర్టింగ్ పెద్దలతో సంప్రదించి, వాళ్లు సరేనన్నాకే కొడుక్కి అనుమతిచ్చాడు. 1968 ఆగస్టు 29న ఓస్లో కెథెడ్రల్‌లో పెళ్లి జరిగింది. 1991లో హరాల్డ్ రాజైనప్పుడు ఆ బట్టల వ్యాపారి కూతురు నార్వే రాణి అయింది.