మనస్సును కొలిచిన శాస్త్రము



మనస్సు ఎట్టిదను విచారణ మన దేశమునకు క్రొత్త కాదు. ఉపనిషత్తులు దానిని చర్చించినవి. పతంజలి యోగసూత్రములు చిత్తవృత్తులను విభజించి చెప్పినవి. అయినను చిరకాలము అది తత్త్వవిచారములో భాగముగనే యుండెను. 1879లో జర్మనీలోని లైప్జిగ్ నగరమున విల్‌హెల్మ్ వుంట్ అను పండితుడు ప్రయోగశాలను నెలకొల్పిన పిదప మనస్తత్వము ప్రత్యేక శాస్త్రమయ్యెను. మన దేశమున 1916లో కలకత్తా విశ్వవిద్యాలయమునందు దానికి ప్రత్యేక శాఖ వెలసెను.

ఊహించి ఊరకుండక, కొలిచి, పోల్చి, నిగ్గు తేల్చుటయే శాస్త్రము. ఇందుకు చక్కని నిదర్శనము తెలుగునేల మీదనే కలదు.

చొరవ పుట్టుకతో వచ్చునా, నేర్చిన వచ్చునా? ఈ ప్రశ్నను అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్లెలాండ్ పరీక్షకు పెట్టెను. 1962లో ఢిల్లీ నుండి హైదరాబాదుకు తరలివచ్చిన చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థలో, 1964లో కాకినాడ వ్యాపారులకు స్వల్పకాల శిక్షణ ఆరంభమయ్యెను. బొమ్మను చూపి కథ వ్రాయించి, ఆ కథలో కార్యసాధనాకాంక్ష ఎంత కలదో లెక్కించుట ఇందలి పద్ధతి. సాధ్యమగు లక్ష్యమును తామే నిర్ణయించుకొని, ఫలితమును తామే సరిచూచుకొనుట వారు అభ్యసించిరి. పోలికకై రాజమండ్రి వ్యాపారులను, శిక్షణ పొందని ఇతరులను గూడ పరిశీలించిరి. తరువాతి రెండు సంవత్సరములలో శిక్షితులే ఎక్కువగా క్రొత్త వ్యాపారములకు పూనుకొనిరి, పెట్టుబడి పెంచిరి, పనివారిని చేర్చుకొనిరి. ఈ వివరములు 1969లో గ్రంథముగా వెలువడెను.

నేడు ఆ నగరపు పడమటి వైపున, 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన హైటెక్ సిటీలో, మన గ్రామముల యువతీయువకులు ఉద్యోగములకై సామర్థ్య పరీక్షలు వ్రాయుచున్నారు. అవియు ఈ శాస్త్రము నుండి పుట్టినవే. ఒక పరీక్ష ఆనాటి నేర్పును కొలుచునే గాని పుట్టుకను కొలవదు. తప్పి తిరిగివచ్చిన బిడ్డకు "నీకు తెలివి లేదు" అని ముద్ర వేయుట అన్యాయము, అశాస్త్రీయము. అట్టివారు మిక్కిలి దిగులుతో నున్నచో, 2022లో ఆరంభమైన టెలిమానస్ వారితో 14416 సంఖ్యకు ఉచితముగా మాట్లాడింపుడు.

గ్రామమున ఏ శిక్షణ జరిగినను, పొందినవారెవరో, పొందనివారెవరో వ్రాసియుంచుడు. ఏడాది పిదప ఇరువురి స్థితిని పోల్చి చూడుడు. ఏ శిక్షణకు పంచాయతీ అండగా నిలువవలెనో ఆ లెక్కయే తెలుపును.